నలుగురి పేరు సక్కుబాయి

సోమవారం పొద్దున పది కాకముందే చొప్పదండి నుంచి ఫోన్ వచ్చింది. ఫోన్ ఎత్తింది ఆఫీసు యజమాని, ఇంజనీర్ విజయేందర్, చేసింది మేస్త్రి లక్ష్మీరాజం. స్పీకర్ పెట్టకున్నా ఆయన గొంతు ఆఫీసంతా వినిపించింది.

"సార్, జర ఒక్క ముచ్చట అడుగుదామని చేసిన. ఫంక్షన్ హాల్ల సి-నాలుగు కాడ పిల్లర్ లేదని మీరు శుక్రవారం పంపిన కాగితంల ఉన్నది. నేను ఇనుప సలాకలు కోపిచ్చిన. ఇప్పుడు హనుమంతు సేటు వచ్చి, గీడ పిల్లర్ ఉండాలె గదా అంటుండు. ఉన్నదా, లేదా?"

విజయేందర్ కుర్చీలోంచి లేచాడు. "కోపిచ్చినవా?"

"కాగితంల లేనిదాన్ని నేనెందుకు ఉంచుత సార్."

కరీంనగర్‌లో మందుల దుకాణం మీది అంతస్తులో ఆ ఆఫీసు. మూడు బల్లలు, అద్దాల గది ఒకటి. కిటికీ పక్క బల్ల సక్కుబాయిది. నస్పూర్ గని కార్మికుని బిడ్డ ఆమె, పద్దెనిమిదేళ్లుగా భవనాల నక్షాలు గీయడమే ఆమె పని. ఫోన్ మాటలు చెవిన పడగానే, గీస్తున్న మెట్లు వదిలేసి సి-నాలుగు దగ్గరికి పోయింది. తెర మీద రెండు వరసల పిల్లర్లు ఉన్నాయి. పెళ్లి వేదిక ముందర ఉండవలసిన ఒక్కటి లేదు. దాని పైనున్న బీమ్ మాత్రం కింద ఏ ఆధారమూ లేకుండా అట్లాగే సాగిపోయింది.

ఆ ఆఫీసు కాగితం మీద గీయడం మానేసి మూడేళ్లయింది. గోడ, పిల్లర్, కిటికీ, పైపు అన్నీ ఒకే మోడల్‌లో ఉంటాయి. మోడల్ క్లౌడ్‌లో ఉంటుంది. కరీంనగర్‌లో గోడ జరిపితే మంచిర్యాలలో కూర్చున్న ఇంజనీర్ రేవతికి ఆ క్షణమే కనిపిస్తుంది. పిల్లర్లు, బీమ్‌లు రేవతి పని. గోడలు, తలుపులు సక్కుబాయి, సాయిచంద్‌ల పని. ఎవరు ఏం మార్చారో, ఏ రోజు, ఎన్ని గంటలకు మార్చారో ఒక పట్టీలో దానంతట అదే పడుతుంది.

విజయేందర్ వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. "పట్టీ తియ్యి."

తీసింది. గురువారం, సాయంత్రం నాలుగు యాభై రెండు. సి-4 పిల్లర్ తొలగింపు. సక్కుబాయి.

దాని పైవరుసలో నాలుగు యాభైకి మెట్ల వెడల్పు మార్పు, సక్కుబాయి. కింది వరుసలో నాలుగు యాభై మూడుకు మెట్ల కమ్మీ, సక్కుబాయి. ఆమె పట్టీని పైకి, పాత తేదీల వైపు జరిపింది. తలుపు, సక్కుబాయి. బీమ్, సక్కుబాయి. పైపు, సక్కుబాయి. మూడేళ్ల కింది దాకా పోయినా ఆ పట్టీలో ఇంకో పేరు కనిపించదు.

"నీ పేరే ఉన్నదక్కా," అన్నాడు పక్క బల్ల నుంచి సాయిచంద్. ఇరవై ఏడేళ్లవాడు, కంప్యూటర్ మీద చేయి చురుకైనది. మాట అంతకంటే చురుకు.

"నా పేరు లేనిదేదన్న ఒక్కటి చూపెట్టు సాయి."

సాయిచంద్ నవ్వాడు. విజయేందర్ నవ్వలేదు.

ఆ పేరు వెనక కథ ఆఫీసులో అందరికీ తెలుసు. పేరు బలం చూడకుండా విజయేందర్ ఎవరి ఇంటికీ ముగ్గు పోయించడు. ఇంట్లో ఎవరి పేరు ఆ స్థలానికి కలిసొస్తుందో పంతులుతో చూపించి, వాళ్ల పేరు మీదనే పని మొదలుపెట్టిస్తాడు. క్లౌడ్ ఖాతా తెరిచే రోజు కూడా ఆఫీసులో వాళ్ల పేర్లన్నీ చీటీ మీద రాసి పంతులుకు పంపాడు. బలం సక్కుబాయి పేరు మీద వచ్చింది. ఖాతా ఆమె పేరు మీద తెరిచారు. రేపోమాపో ఎవరిది వాళ్లకు తెరుద్దామన్నారు. పని మీద పని వచ్చింది. ఇక్కడ ముగ్గురు, మంచిర్యాలలో రేవతి, నలుగురూ సక్కుబాయి పేరుతోనే లోపలికి వెళ్తున్నారు, వస్తున్నారు.

మధ్యాహ్నానికి హనుమంతు నుంచి కబురు వచ్చింది. ఫంక్షన్ హాల్ యజమాని ఆయన. శనివారం వస్తాడట. పిల్లర్ తీసినవాళ్లు ఇకమీదట తన హాల్ పని ముట్టొద్దట. ఇట్లాంటిది మళ్లీ జరగకుండా ఏ పద్ధతిలో పనిచేస్తారో కాగితం మీద పెట్టి చూపాలట. లేదంటే పని వేరే ఆఫీసుకు పోతుందట. ఆఫీసులో ఇప్పుడు నడుస్తున్నది ఆ ఒక్క పనే. హాల్ పని ముట్టొద్దంటే సక్కుబాయి ఇంటికి పోవలసిందే.

రేవతి ఫోన్ చేసింది. మూడేళ్ల నుంచి కలిసి పనిచేస్తున్నా ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

"సక్కుబాయి గారూ, నా పిల్లర్ ఎందుకు ముట్టుకున్నరు?"

"నేను ముట్టలేదు మేడం."

"మరి మీ పేరున్నది."

"మీ బీమ్‌లు కూడ నా పేరు మీదనే ఉన్నయి గదా మేడం. అవి నేను ఏసిన్నా?"

"నాకు గా లెక్కలు వద్దు. పిల్లర్ పోయింది. రేపు స్లాబ్ వంగితే నా సంతకం అడుగుతరు, మీది గాదు." ఫోన్ పెట్టేసింది.

మూడు గంటలకు చాయ్ వచ్చింది. సాయిచంద్ రెండు గ్లాసులు ఎత్తుకున్నాడు. ఒకటి అద్దాల గదిలో ఇచ్చి, ఇంకొకటి తాను తాగాడు. సక్కుబాయిది కిటికీ గట్టు మీద తెట్టు కట్టేదాకా ఉండిపోయింది.

సాయంత్రం పోయే ముందు ఆమె ఇంకొకసారి ఆ చోటు చూసింది. పిల్లర్ ఒక్కటే పోలేదు. దాని పక్కనున్న చిన్న గోడను కూడా వేదిక వైపు జరిపారు. ఎంత జరిపారో కొలిచింది. వెయ్యి నూట నలభై మూడు మిల్లీమీటర్లు. ఆఫీసు కొలతలన్నీ మిల్లీమీటర్లలోనే. కాని ఇట్లా విరిగిన అంకె ఎవరు వేస్తారు? తనైతే వెయ్యి నూట యాభై వేస్తుంది. సాయిచంద్ అయినా అంతే. ఆ అంకెను చీటీ మీద రాసుకుని సంచిలో వేసుకుంది.

*

మంగళవారం ఎవరూ పంపకుండానే ఆమె చొప్పదండి బస్సెక్కింది.

హాల్ ఊరి చివర రోడ్డు మీదనే ఉంది. పిల్లర్లు మనిషి ఎత్తు దాటి లేచాయి. వేదిక ముందు, సి-నాలుగు దగ్గర, కాంక్రీటు దిమ్మ మీద ఎనిమిది సలాకలు నేల సమానంగా కోసేసి ఉన్నాయి. కోసిన చోట ఇనుము ఇంకా తెల్లగా మెరుస్తోంది. సక్కుబాయి వంగి ఒక దాని మీద బొటనవేలు పెట్టింది. అంచు గరుకుగా తగిలింది.

"చేతులు కోసుకుంటవ్ బిడ్డా," అన్నాడు లక్ష్మీరాజం. అరవై దాటిన మనిషి. తలకు తువ్వాల, చెవి మీద పెన్సిల్. "కోసే మిషన్ పట్టుకొచ్చి కోసెటందుకే మా పోరగాళ్లకు పూటంత పట్టింది. ఇగ దిమ్మకు బొక్కలు వొడిసి, కొత్త సలాకలు అతికే మందు పెట్టి నాటాలె. నీ పుణ్యమాని."

"నా పుణ్యమెట్లయితది మామా?"

"కాగితం అడుగున గీసినోళ్ల పేరు ఉంటది గదా. చదువుకున్న. సక్కుబాయి. మంచి పేరే. మా ఇంటి పక్కపొంటి ఒకామె ఉండె గదే పేరుతోని, ఏది చేసినా ఉల్టానే."

కట్ట కడుతున్న ఇద్దరు కూలీలు నవ్వారు. సక్కుబాయి వాళ్ల వైపు చూడలేదు. సంచిలోంచి చీటీ తీసింది.

"మామా, గీ గోడ వేదిక దిక్కు జరిపి గీసిండ్రు. నువ్వు జరిపినవా?"

"ముగ్గు పోసిన. ఇంక లేపలే."

"ఎంత జరిపినవ్?"

లక్ష్మీరాజం టేపు తీయలేదు. "మూడు ఫీట్ల తొమ్మిదంగుళాలు."

"కాగితం మీద గట్ల లేదు. మిల్లీమీటర్ల ఉన్నది."

"కాగితం ఎవలు చూసిండ్రు. మీ సారే చెప్పె గదా."

ఆమె తల ఎత్తింది. లక్ష్మీరాజం టేపు చుట్టలో వేలు దూర్చి తిప్పుతున్నాడు. మాట జారిందని ఆయనకు తెలిసింది. కాని దాచిపెట్టే మనిషి కాడు.

"బుధవారం పొద్దుగూకంగ వచ్చిండు. సేటు గూడ లేడప్పుడు. గిటు నిలవడ్డడు, గటు నిలవడ్డడు. మొదటి వరుస సోఫాల కూసున్నోళ్లకు పెండ్లిపిల్ల కనవడదు, గీ పిల్లర్ అడ్డమొస్తుందన్నడు. నా టేపు గుంజుకొని ఆయనే కొలిచిండు. మూడు ఫీట్ల తొమ్మిది అని నోట్లనే అనుకున్నడు."

సక్కుబాయి ఫోన్‌లో లెక్క వేసింది. నలభై ఐదు అంగుళాలు. వెయ్యి నూట నలభై మూడు మిల్లీమీటర్లు, ఒక్కటి తక్కువ లేదు, ఎక్కువ లేదు. ఫీట్లలో ఆలోచించేది ఆఫీసులో ఒక్క మనిషే. ఆయన చదువుకున్న కాలం అది. ఎన్ని కొత్త మిషన్లు వచ్చినా ముందు ఫీట్లలో అనుకుని, తర్వాతనే మార్చి వేస్తాడు.

"శనివారం సేటు ముంగట గీ మాట చెప్తవా మామా?"

"చెప్ప."

"ఎందుకు?"

"మంథని రోడ్డు మీద ఇంకొక బిల్డింగ్ ఉన్నది, నక్షా మీ సార్‌దే. ముగ్గు పడంగనే నాకిస్తనన్నడు. నీకు చెప్పిన గదా, గంతే చాలు. నన్ను సాక్ష్యం నిలవెట్టకు." పెన్సిల్ చెవి మీంచి తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "ఎండ వడ్తుంది, పో. ఒంటిగంట బస్సు ఉంటది."

*

బుధవారం విజయేందర్ అందరినీ పిలిచాడు. రేవతిని ఫోన్‌లో కలిపాడు. నిన్న ఎక్కడికి పోయావని సక్కుబాయిని అడగలేదు. అంటే లక్ష్మీరాజం చెప్పేసి ఉంటాడు.

"శనివారం దాక రెండు పద్ధతులు తయారు చేయాలె. సేటుకు చూపిద్దాం. సాయి, నువ్వు ఇప్పుడున్నదే పెట్టు. అందరు ఒక్క మోడల్లనే, ఎప్పుడు చేసిందప్పుడే కనవడాలె. సక్కుబాయి, నువ్వు రెండోది. ఎవరి మోడల్ వాళ్లది."

"ఎవరి పేరు వాళ్లది గూడ," అన్నది సక్కుబాయి.

"సరే, గట్లనే చేయి," అన్నాడు విజయేందర్, ఆమె వైపు చూడకుండా.

రెండో పద్ధతిలో రేవతి పిల్లర్లు రేవతి మోడల్‌లో ఉంటాయి. సక్కుబాయి గోడలు సక్కుబాయి మోడల్‌లో. ఒకరిది ఇంకొకరికి బూడిద రంగులో కనిపిస్తుంది. ముట్టుకుంటే కదలదు. రోజూ సాయంత్రం నాలుగింటికి ఎవరి పని వాళ్లు బయటికి పంపాలి. అవతలివాళ్లు తమ మోడల్‌తో సరిచూసుకుని ఆమోదించాలి. పంపినవారి పేరు ఒక చోట, ఆమోదించినవారి పేరు ఇంకొక చోట పడుతుంది.

"నాలుగు గంటల దాక ఆగాల్నా?" అన్నాడు సాయిచంద్. "మేడం పొద్దున పిల్లర్ జరిపితే నాకు పొద్దుమూకి తెలుస్తది. గప్పటి దాక నేను గీసిందంత గంగల వడ్డట్టే. అక్కకు తన పేరు కడుక్కునుడు గావాలె, పని గాదు."

అందులో అబద్ధం లేదు. పని ఆలస్యమవుతుంది. సక్కుబాయికీ తెలుసు. ఒకే మోడల్‌లో నలుగురు చేస్తుంటే పని పరుగెత్తుతుంది. గోడ జరిగిన నిమిషానికే బీమ్ జరుగుతుంది. ఈ మూడేళ్లలో ఎన్నిసార్లు ఆ వేగమే వాళ్లను గట్టెక్కించిందో ఆమెకు గుర్తుంది.

"పొద్దుమూకి తెలిసినా మంచిదే సాయి. పిల్లర్ పోయిందని నాకు సోమవారం తెలిసింది."

ఫోన్‌లోంచి రేవతి మాట వచ్చింది. "నాకు రెండోదే గావాలె. ఎందుకో గూడ చెప్త. సక్కుబాయి గారి మీద నాకు నమ్మకం లేదు. ఆఫీసుల ఎవ్వరి మీద లేదు. నా పిల్లర్ నేను తప్ప ఎవ్వరు ముట్టొద్దు."

"నా మీద నమ్మకం లేకున్న మంచిదే మేడం," అన్నది సక్కుబాయి. "మోడల్ పంపుండ్రి."

రెండు రోజులు ఆమె బల్ల దగ్గర నుంచి లేవలేదు. ఒకే ముద్దగా ఉన్న మోడల్‌ను విడదీయడం పీచు తీసినట్టు ఉంది. ఏ గోడ ఎవరిది, ఏ రంధ్రం ఎవరిది, ఏ కొలత ఎవరు వేసింది అని ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. అన్నిటి మీదా తన పేరే కాబట్టి పేరు పనికిరాలేదు. పని తీరును బట్టి గుర్తుపట్టవలసి వచ్చింది. సాయిచంద్ కిటికీలకు పేర్లు పెట్టడు, అంకెలు వేసి వదిలేస్తాడు. రేవతి ప్రతి పిల్లర్ పక్కనా చిన్న చుక్క పెడుతుంది. విజయేందర్ ముట్టిన చోటల్లా కొలత విరిగి ఉంటుంది. అట్లా విరిగిన కొలతలు మొత్తం పదకొండు దొరికాయి. ఆమె ఒక్కటీ సరిచేయలేదు.

సాయిచంద్ కుర్చీ వెనక్కి వాల్చి చూస్తున్నాడు. "ఏం ఏరుతున్నవక్కా, బియ్యంల రాళ్లా?"

"నీ రాళ్లు గూడ ఉన్నయి."

"ఉంచు. తర్వాత పప్పుల వేసుకొని తిందాం."

గురువారం సాయంత్రం నాలుగింటికి రేవతి తన మోడల్ పంపింది. సేటుకు చూపే ఆ నమూనాలో మాత్రం సి-నాలుగు పిల్లర్ మళ్లీ దాని చోటికి వచ్చింది, బూడిద రంగులో. సక్కుబాయి దాని మీద నొక్కి చూసింది. కదలలేదు. రేవతి నుంచి ఒక్క ముక్క సందేశం వచ్చింది. "ముట్టుకున్నరా?"

"చూసిన. కదుల్తలేదు," అని సక్కుబాయి జవాబు రాసింది.

*

శుక్రవారం మధ్యాహ్నం సాయిచంద్ తినడానికి బయటికి పోయాడు. సక్కుబాయి డబ్బా మూత తీసింది. జొన్నరొట్టె, వంకాయ కూర. విజయేందర్ అద్దాల గది తలుపు తెరిచి, ఒక కాగితం తెచ్చి డబ్బా పక్కన పెట్టాడు.

"నా అజాగ్రత్త వలన సి-4 పిల్లర్ మోడల్ నుండి తొలగించబడినది. దీనికి పూర్తి బాధ్యత నాదే." కింద ఆమె పేరు అచ్చు వేసి ఉంది. సంతకానికి చోటు వదిలారు.

ఆమె చేయి కడుక్కుని వచ్చి చదివింది. మళ్లీ చదివింది.

"మూడు ఫీట్ల తొమ్మిది, సార్," అన్నది.

విజయేందర్ సాయిచంద్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కోపం తెచ్చుకుంటాడనుకుంది. తెచ్చుకోలేదు.

"ఎర్క. లక్ష్మీరాజం చెప్పిండు, నువ్వు అడిగినవని. నేనే తీసిన. రేవతితోని మాట్లాడి పై బీమ్ పెద్దగ చేపిద్దామనుకున్న. గంతల ఇంకొక ఫోన్ వచ్చింది. ఇడిసిన. సాయి కాగితం పంపిండు. గంతే."

"మరి గదే రాయుండ్రి సార్."

"నేను రాస్తే ఆఫీసు రాసినట్టు. పిల్లర్ తీసినోడు ఇంజనీరే అంటె కరీంనగర్ల ఎవ్వడన్న నాకు పని చెప్తడా? నువ్వు రాస్తే ఒక్క మనిషి పొరపాటు. నాలుగు నెలలు హాల్ పని ముట్టకు. తర్వాత వేరే పని వస్తది, పిలుస్త." ఆయన గొంతు తగ్గించాడు. "నువ్వడిగిన పద్ధతే పెడ్త. ఎవరి పేరు వాళ్లకు. రేవతి గూడ గదే అంటుంది. సేటుకు నేనే చెప్త, రెండోది మంచిదని. నీ మాట నిలవడ్తది. ఇంకేం గావాలె నీకు?"

సక్కుబాయి రొట్టె చించింది. నోట్లో పెట్టుకోలేదు. కోరింది దొరుకుతోంది. దాని కోసమే రెండు రోజులు కళ్లు మంట పుట్టేదాకా కూర్చుంది. ఆ పద్ధతి వస్తుంది, తను మాత్రం ఉండదు. ఉన్నా, దాని మొదటి కాగితం మీద తను చేయనిది తన చేతి రాతతో ఉంటుంది.

"రేపు పొద్దటి దాక టైమ్ ఇయ్యుండ్రి."

"రేపు పదకొండింటికి ఆయన వస్తడు. గంతకుముందు సంతకం పెట్టు." కుర్చీని సాయిచంద్ బల్ల దగ్గర సరిగ్గా నెట్టి లోపలికి పోయాడు.

*

శనివారం హనుమంతు చెప్పిన టైముకే వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో కర్ర, పక్కన లక్ష్మీరాజం. మంచిర్యాల నుంచి రేవతి బస్సులో వచ్చింది. సక్కుబాయి అనుకున్నదానికంటే చాలా చిన్నది. ముప్పై కూడా ఉండదు. లోపలికి రాగానే చేయి కలపలేదు, తల ఆడించలేదు. పోయి గోడ పక్కన కూర్చుంది.

సంతకం లేని కాగితం సక్కుబాయి బల్ల మీదనే ఉంది. విజయేందర్ దాని వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూశాడు. ఆమె కదలలేదు.

"పద్ధతి సంగతి తర్వాత," అన్నాడు హనుమంతు. "ముందు ఎవలు తీసిండ్రో చెప్పుండ్రి."

"రికార్డుల ఉన్నది సేటూ," అన్నాడు విజయేందర్. తెర ఆయన వైపు తిప్పాడు. "ఆమె పొరపాటు, కావాలని చేసింది గాదు. రాసిస్తది గూడ."

హనుమంతు కళ్లద్దాలు పెట్టుకుని తెర దగ్గరికి వంగాడు. నాలుగు యాభై రెండు మీద వేలు పెట్టాడు. తర్వాత ఆ వేలు పైకి, కిందికి నడిచింది.

"అంత ఒక్క పేరే ఉన్నదేంది?"

విజయేందర్ చెప్పబోతుంటే సక్కుబాయి ముందే అన్నది.

"నలుగురం గా ఒక్క పేరు మీదనే పని చేస్తం సేటు గారూ. గా పేరు నాది. పిల్లర్ తీసింది నేను గాదు. నేను రాసియ్య."

"మరి ఎవలు?"

"గా పట్టీ చెప్పది. నలుగురం ఇక్కడనే ఉన్నం, అడుగుండ్రి."

సాయిచంద్ తన ఫోన్ వైపు చూసుకున్నాడు. లక్ష్మీరాజం తువ్వాల తీసి మళ్లీ చుట్టుకున్నాడు. రేవతి మొదటిసారి సక్కుబాయి ముఖం వైపు తిన్నగా చూసింది. ఆ చూపులో స్నేహమేమీ లేదు.

హనుమంతు కర్ర నేల మీద ఆనించాడు. "నేను ముప్పై ఏండ్లు మరమగ్గాలు నడిపించిన. బట్ట తాను కొసకు నేసినోని నంబరు రాస్తం. మచ్చ వడ్డదనుకో, ఎవన్ని పిలవాలెనో నాకెరుక. మీరు నలుగురు నేసి ఒక్క నంబరేస్తరా, విజయేందర్? ఇంజనీర్లు గదా మీరు?"

"పేరు బలం చూసి పెట్టిన సేటూ..."

"గా బలం ఈమెకేమన్న పనికొచ్చిందా?" హనుమంతు గొంతులో వెటకారం దాచుకోలేదు. "సరే. ఎవలు తీసిండ్రో వాళ్లే మళ్ల పెట్టియ్యాలె, వాళ్ల సొంత పేరు మీద. ఇప్పుడే, నా ముంగట. పేరు రాకుంటే నేను లేస్త. ఇంకొక ఆఫీసు చూసుకుంట."

విజయేందర్ ఒకసారి లక్ష్మీరాజం వైపు చూశాడు. లక్ష్మీరాజం కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు. సాయిచంద్ వైపు చూశాడు. సాయిచంద్ తల అడ్డంగా ఊపాడు, చాలా కొంచెంగా.

"పిల్లర్ పెట్టేది రేవతి," అన్నాడు విజయేందర్ చివరికి. "పెట్టమని అడగాల్సింది మా దిక్కు నుంచి."

"అడుగు మరి."

విజయేందర్ సక్కుబాయి కుర్చీలో కూర్చున్నాడు. రెండో పద్ధతికి ఆమె తెరిచి పెట్టిన నాలుగు పేర్లలో తన పేరు నొక్కాడు. పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టాడు. మూడోసారి తెరుచుకుంది. వేళ్లతో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ రాశాడు. సి-4 పిల్లర్ నేను తీసిన. తిరిగి పెట్టగలరు. పంపాడు.

రేవతి సంచిలోంచి లాప్‌టాప్ తీసింది. "వచ్చింది," అన్నది.

హనుమంతు లేచాడు. "రెండో పద్ధతే పెట్టుండ్రి. ఆలస్యమైతే అయితది. తీసినోళ్లు ముట్టొద్దన్న మాట అట్లనే ఉన్నది." గుమ్మం దగ్గర ఆగాడు. "ఈయనను చూసుడు మట్టుకు చూడనియ్యుండ్రి."

*

ఆదివారం ఆఫీసు లేదు. సోమవారం సక్కుబాయి వచ్చేసరికి ఆమె బల్ల అద్దాల గదికి ఎదురుగా జరిపి ఉంది. కిటికీ సాయిచంద్‌కు పోయింది. చాయ్ వచ్చింది, ఆమెకు రాలేదు. విజయేందర్ ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు. వంటగది తలుపు ఒకటి మార్చాలంటే సాయిచంద్‌తో చెప్పాడు. సాయిచంద్ లేచి వచ్చి, మూడడుగుల దూరంలో ఉన్న ఆమెతో చెప్పాడు.

"సార్ చెప్పమన్నడు."

"నోటి మాట వద్దు సాయి. రాసి పంపమను, ఆయన పేరు మీద."

"నాకెందుకక్కా గీ నడుమల నలుగుడు," అని గొణుక్కుంటూ సాయిచంద్ వెనక్కి పోయాడు. కాసేపటికి విజయేందర్ పేరు మీద ఒక సందేశం వచ్చింది. ఆమె తలుపు మార్చింది.

మంగళవారం నాలుగింటికి రేవతి మోడల్ వచ్చింది. నాలుగు ఇరవైకి ఆఫీసులో మూడు తెరల మీదా ఒక ఎర్ర గుర్తు వెలిగింది. పెళ్లికూతురి గది తలుపు బయటికి తెరుచుకుంటుంది. తెరిస్తే రెక్క సి-నాలుగు పిల్లర్‌కు తగిలి సగంలో ఆగిపోతుంది. ముస్తాబై బయటికి వచ్చే పిల్ల పక్కకు తిరిగి, ఇరుక్కుని రావలసిందే. పక్కన రేవతి రాసింది: "ఈ తలుపు ఎవరు ఆమోదించిండ్రు?"

సాయిచంద్ కుర్చీ గిర్రున తిప్పాడు. తెర మీది వరుస పైకే చదివాడు, ఒక్కొక్క మాట ఆపి ఆపి. "పెండ్లికూతురి గది తలుపు. ఆమోదం, సోమవారం, పదకొండు ఇరవై. సక్కుబాయి." నవ్వు ఆపుకోలేదు. "గిదన్న నీదేనా అక్కా, లేకుంటే గిది గూడ నలుగురిదా?"

అద్దాల గది తలుపు తెరుచుకుంది. రెండు రోజుల తర్వాత విజయేందర్ మొదటిసారి ఆమె బల్ల దాకా వచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడి చూస్తున్నాడు.

సక్కుబాయి తెర దగ్గరికి జరిగింది. సోమవారం పదకొండు ఇరవై. ఆ గంటలో తను ఏం చేస్తున్నదో గుర్తు చేసుకుంది. పిల్లర్ తిరిగి వచ్చిన సంగతి తెలుసు. గోడను వెనక్కి జరిపింది. తలుపు రెక్క ఎటు తెరుచుకుంటుందో చూడలేదు. పిల్లర్‌తో సరిచూడకుండానే ఆమోదించింది. పక్క బల్ల మీద ఎవరూ లేరు, మంచిర్యాలలో ఎవరూ లేరు. ఆ తలుపు మీద ఉన్నది తన చేయి ఒక్కటే.

"నాదే," అన్నది.

సాయిచంద్ ఇంకేదో వస్తుందని ఎదురుచూశాడు. రాలేదు. ఆమె తలుపు రెక్కను లోపలికి తిప్పింది. పూర్తిగా తెరుచుకుంటున్నదా అని రెండుసార్లు ఆడించి చూసింది. కింద గడిలో రాసింది: "నేను చూడలే. సరి చేసిన." పంపింది.

మంచిర్యాల నుంచి జవాబు రావడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ విజయేందర్ అక్కడే నిలబడ్డాడు. ఎర్ర గుర్తు పోయి, కింద రేవతి ఆమోదం పడింది. సక్కుబాయి తర్వాతి తలుపు తెరిచింది.